తువ్వాలు విప్పి పాడిన వేలం

నా ఊపిరితిత్తులు పాడైపోయాయని నాకు తెలుసు. ఆ సంగతి నా చెవిన వేయడానికి ఎవరూ శ్రమ పడనక్కర్లేదు. మేడ మెట్లెక్కితే తెలుస్తుంది. చెప్పులు తొడుక్కోవడానికి వంగితే తెలుస్తుంది. పెళ్లి పందిట్లో ఎవరైనా హాస్యమాడితే, నవ్వడానికి కూడా ఊపిరి సరిపోతుందా లేదా అని చూసుకోవాల్సి వచ్చినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అయినా మన వైపు ఒక మనిషికి జబ్బుందని తెలిస్తే చాలు, వాడికి ఇక ఏమేం చేతకావో చెప్పడానికి ఊరు ఊరంతా తయారైపోతుంది. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకోండి.

నేను చిత్తూరు పొలిమేరలో ఒక మామిడికాయల మండీలో వేలం పాడే మనిషిని. రైతులు ట్రాక్టర్లలో, ఆటోల్లో కాయ తెస్తారు. హమాలీలు గడ్డి పరిచి కుప్పలు పోస్తారు. కుప్ప పక్కన బల్ల మీద నిలబడి, చుట్టూ మూగిన వ్యాపారుల చేత రేటు పెంచించుకుంటూ పోవడమే నా పని. లారీల హారన్లు, హమాలీల కేకలు, టీ కొట్టు గోల, వీటన్నిటి మీదుగా నా గొంతు వినబడాలి. మా దగ్గర మైకు పెట్టరు. పక్కపక్కనే మండీలు కాబట్టి, అందరూ మైకులు పెడితే ఏ రేటు ఏ కుప్పదో ఎవరికీ తెలియదని పెద్దవాళ్లు ఎప్పుడో మాట అనుకున్నారు. అందుకని గొంతు ఉన్నవాడికే బల్ల. గొంతు పోయిన రోజు దిగిపోవాల్సిందే.

ఈ పని నాకు మా మేనమామ నేర్పాడు. మొదటి రోజు ఆయన కాయ గురించి గానీ రేటు గురించి గానీ ఒక్క ముక్క చెప్పలేదు. తువ్వాలు గురించి చెప్పాడు. వెడల్పాటి గళ్ల తువ్వాలు నిలువునా మడిచి, పక్కటెముకల కింద, బొడ్డుకు పైన చుట్టి, కడుపు లోపలికి లాగిపట్టి బిగించి ముడి వేయాలి. "గొంతుతో పాడేటోడు రెండు కుప్పలకే మూగోడైతాడు రా. కడుపుతో పాడల్ల" అనేవాడు. మా మండీల్లో పాడేవాళ్లందరిదీ ఇదే పద్ధతి. నడుముకు తువ్వాలు లేకుండా బల్లెక్కినవాణ్ణి చొక్కా లేకుండా పెళ్లికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు.

ఆయన నేర్పిన రెండో విద్య మిరియాల చారు. పొద్దంతా అరిచి ఇంటికి చేరాక, రాత్రి పెద్ద సంగటి ముద్ద, ఊరుబిండి. ఆ వేరుసెనగ పచ్చడిలో కారం కళ్లలో నీళ్లు తెప్పించాలి. దాని మీద లోటా నిండా మిరియాల చారు, చింతపండు దండిగా పిండి కాచినది, వేడి తగ్గకముందే తాగేసి వెంటనే పడుకోవాలి. మళ్లీ లేచి తిరిగితే చారు పనిచేయదు. గొంతు రాత్రంతా ఆ కారంలో నాని తెల్లారేసరికి పదునెక్కుతుందని మా వాళ్ల నమ్మకం. నేను పెళ్లి చేసుకున్న కొత్తలో మా ఆవిడ నేర్చుకున్న మొదటి వంట అదే. ఆమె చేతి చారు మా మండీలో పేరు పడింది కూడా.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని మూడూ ఒకే ఊపిరిలో, మధ్యలో సందు లేకుండా, చివర్లో చెయ్యి చరిచి ముగించడం మా మేనమామ ఘనత. ఆయన తర్వాత అది నా ఘనత. ఆ మూడు మాటలు నా నోటి నుంచి వచ్చేటప్పుడు నాకు నేను ఎంత పెద్దగా కనిపించేవాణ్ణో చెప్పలేను. ఇంట్లో నా మాట ఎవరూ వినరు. మండీలో కోట్లు తిప్పే వ్యాపారి కూడా నా నోటి వైపు చూస్తూ నిలబడాలి. మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఊపిరితిత్తులు ఎట్లా పోయాయి అంటే, బీడీ వల్ల కొంత, గడ్డి దుమ్ము వల్ల కొంత, లారీల పొగ వల్ల కొంత. బీడీ ఎప్పుడో మానేశాను. దుమ్మును మానడం నా చేతిలో లేదు. చిత్తూరులో ఒక డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, ఇది పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకోవాలి అని చెప్పి పీల్చే మందు రాశాడు. పొద్దున, సాయంత్రం పీల్చుకుంటూ చాలా ఏళ్లు బాగానే పాడాను. ఆయాసం ఉండేది, పిల్లికూతలు ఉండేవి, కానీ మూడు మాటలూ ఒక ఊపిరిలోనే వచ్చేవి.

రెండేళ్ల కిందట దగ్గు తీరు మారింది. తెల్లారి లేచేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. నోట్లో పులుపు. పాట మొదలైన కాసేపటికి ఛాతీ మధ్యలో మంట, దాని వెనకే దగ్గు. పీల్చే మందు ఎంత పీల్చినా ఆగని దగ్గు. రాత్రి పడుకుంటే గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాణ్ణి. "ఊపిరితిత్తులు అయిపోయినాయప్పా" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? తువ్వాలు ఇంకో అంగుళం బిగించాను. చారులో మిరియాలు రెట్టింపు వేయమన్నాను. మా ఆవిడ వేసింది. దగ్గు కూడా రెట్టింపయింది.

పోయిన సీజన్ చివర్లో, నీలం రకం మామిడికాయ వచ్చే రోజుల్లో, అందరి ముందూ పరువు పోయింది. పొద్దున తినడానికి తీరిక దొరకలేదని మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర పెరుగన్నం, పచ్చిమిరపకాయ బజ్జీలు గబగబా తిని తువ్వాలు బిగించి బల్లెక్కాను. రేటు బాగా పోతోంది. కాయ బాగుందని చూపించడానికి కుప్ప మీదికి వంగి ఒక నీలం కాయ తీశాను. అంతే, కడుపులోంచి పుల్లటి మంట ఎగదన్ని గొంతులోకి వచ్చింది. ఊపిరి తీసుకోబోతే ఊపిరి రాలేదు. కాయ చేతిలోంచి జారిపోయింది. నేను బల్ల మీదే కూలబడి దగ్గుతూ ఉంటే, మండీ సావుకారు అల్లుడు నా పక్కన నిలబడి నా పాటను వాడు ముగించాడు. వాడు గట్టిగా "మూడోసారి" అని చెయ్యి చరిచిన చప్పుడు నాకు ఇప్పటికీ చెంప మీద పడినట్టే ఉంటుంది.

సావుకారు మంచివాడే. మంచితనంతోనే నన్ను చంపాడు. సాయంత్రం కుర్చీ వేయించి కూర్చోబెట్టి, "ఇంక చాల్లే అప్పా. వచ్చే సీజనుకు మా అల్లుడు పాడతాడు. నువ్వు ఊరికే వచ్చి కూర్చో, వచ్చిన రైతులకు మజ్జిగ పోసి మర్యాద చెయ్యి. నీకు ఏం తక్కువ చెయ్యం" అన్నాడు. మజ్జిగ! ముప్ఫై ఏళ్లు ఎవరి గొంతు మీద ఆ మండీ నడిచిందో ఆ గొంతుకు మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు. ఆ రోజు నాకు వచ్చినంత కోపం జన్మలో రాలేదు. తిట్టడానికి నోరు తెరిస్తే దగ్గొచ్చింది. దగ్గు ఆగేసరికి ఆయన వెళ్లిపోయాడు.

తిరుపతిలో ఉండే మా కూతురు ఈ సంగతి విని నన్ను ఆస్పత్రికి రమ్మంది. నేను రానన్నాను. "ఊపిరితిత్తులు పోయినోడికి మళ్లీ ఊపిరితిత్తులు పోయినాయని చెప్పించుకోడానికి తిరపతి దాకా రావల్నా?" అన్నాను. "అయితే మజ్జిగ పోసుకుంటా కూర్చో నాయనా" అని ఫోను పెట్టేసింది. ఎవరి కూతురో మరి. మర్నాడు బస్సెక్కాను.

ఆస్పత్రిలో నన్ను చూసిన డాక్టరమ్మకు మా కూతురి వయసు ఉంటుంది. మాట తీరు చూస్తే శ్రీకాళహస్తి వైపు మనిషని తెలిసింది. నేను కూర్చోగానే పాత కాగితాలన్నీ ముందు పెట్టి, "ఊపిరితిత్తులు అయిపోయినాయమ్మా" అన్నాను.

"అది నేను చెప్తాలే పెద్దాయనా. దగ్గు ఎప్పుడొస్తాదో మీరు చెప్పండి" అంది.

"ఎప్పుడూ వస్తాది."

"అట్ల కాదు. తిన్నాక ఎక్కువా, తినకముందు ఎక్కువా? పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా? వంగితే వస్తాదా? నోట్లోకి పుల్లగా వస్తాదా?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదు. ఎవరూ అడగనప్పుడు నేనెందుకు చెబుతాను? పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట, ఇవన్నీ గ్యాసు, గ్యాసు అందరికీ ఉండేదే, గ్యాసుకు డాక్టరు దగ్గరికి పోతే నవ్వుతారు. మేం దగ్గు గురించి ఊపిరి డాక్టరుకు చెబుతాం, మంట గురించి సోడా కొట్టువాడికి చెబుతాం. రెండూ ఒకే మనిషికి చెప్పాలని మాకు తోచదు.

ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. ఎట్లా పాడతారో చూపించమంది. వేళాకోళమేమో అనుకుని మొహం చూశాను, కాదు. సరే అని లేచి, సంచిలోంచి తువ్వాలు తీసి, అలవాటు ప్రకారం కడుపు లాగిపట్టి బిగించి కట్టి పాట ఎత్తుకున్నాను. బయట కూర్చున్న రోగులు తలుపు సందులోంచి తొంగిచూశారు. మా కూతురు చేత్తో మొహం కప్పుకుంది. రెండో రేటు దగ్గరే దగ్గొచ్చింది. డాక్టరమ్మ మాత్రం నా గొంతు వినలేదు, నా తువ్వాలు చూస్తోంది. దగ్గరికొచ్చి రెండు వేళ్లు తువ్వాల్లోకి దూర్చబోయింది, దూరలేదు.

"ఇది ఎందుకు?" అంది. నేను గర్వంగా చెప్పాను. రాత్రి చారు గురించి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు గానీ నవ్వు ఆపుకుందని కనిపెట్టాను.

అప్పుడు విడమరిచి చెప్పింది. అన్నం పోయే గొట్టానికీ కడుపుకూ మధ్య మూత లాంటి కండరం ఒకటి ఉంటుందట. నా లాంటి జబ్బున్నవాళ్లకు ఏళ్ల తరబడి దగ్గీ దగ్గీ, ఉబ్బిన ఊపిరితిత్తులు కిందికి నొక్కీ నొక్కీ ఆ మూత వదులైపోతుందట. అప్పుడు కడుపులో ఉండాల్సిన పులుపు పైకెక్కుతుంది. గొంతు దాకా వచ్చినదాంట్లోంచి చుక్కో రెండు చుక్కలో ఊపిరి గొట్టంలోకి జారితే అక్కడ మండి దగ్గు పుడుతుంది. దగ్గితే కడుపు బిగిసి మళ్లీ పులుపు పైకి. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది, చెప్పేవాళ్లే తక్కువ అంది. "మీరేమో పుల్లగా, కారంగా లోటా నిండా తాగి అడ్డంగా పడుకుంటారు. పొద్దున పేస్టు ట్యూబును పట్టి పిసికినట్టు కడుపును పిసికి కడతారు. పైకి రాకుండా ఏం చేస్తాది?" అంది.

అది విన్నాక మా మేనమామ గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయన కూడా తిన్న ప్రతిసారీ దగ్గేవాడు, పడుకోలేక గోడకానుకుని కూర్చునేవాడు. ఛాతీ రాసుకుంటూ "మంట రా" అనేవాడు. ఊపిరితిత్తుల మంట అనుకుని ఇంటిల్లిపాదీ పోటీలు పడి ఆయనకు మిరియాల చారు పోశాం. నిలబడలేని మనిషి నడుముకు, బలంగా ఉంటుందని, తువ్వాలు కూడా కట్టాం. ఆయన ఊపిరితిత్తులు ఎట్లాగూ పోయేవేమో. కానీ ఆ మంట పడాల్సిన పని లేదు. అది తలుచుకుంటే నాకు దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. ఇన్ని మండీలు, ఇంతమంది పాడేవాళ్లు, ఇన్ని దగ్గులు, ఒక్కడంటే ఒక్కడు "తిన్నాక ఎక్కువా?" అని అడగలేదు.

డాక్టరమ్మ మందులు రాసింది. పొద్దున పరగడుపున ఒక మాత్ర. పీల్చే మందు ఎప్పటిలాగే, మానకూడదు. రాత్రి భోజనం పెందలాడే, కొంచెంగా. తిన్నాక మూడు గంటల దాకా పడుకోకూడదు. మంచానికి తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. తువ్వాలు, చారు బంద్. అంతా రాసి చివర్లో, "ఆ అరవడం కూడా మానేస్తే మంచిది" అంది.

"అది తప్ప ఇంకేమన్నా చెప్పమ్మా" అన్నాను.

"ఊపిరితిత్తులు బాగయిపోతాయని నేను చెప్పలేదు పెద్దాయనా. పులుపు తగ్గితే దగ్గు తగ్గుతాది. ఆయాసం ఉండనే ఉంటాది."

"ఉండనీ. ఆయాసంతో కాపరం నాకు కొత్త కాదు. పులుపు సంగతి మీరు సూడండి, పాట సంగతి నేను సూసుకుంటా."

"నేను మానెయ్యమంటే మానేస్తారా?"

"మానెయ్యను."

"మరి నన్నెందుకు అడగతారు?" అని, ఊపిరి అందనప్పుడు పెదాలు సున్నాలా చుట్టి, దీపం ఆరిపోకుండా ఊదినట్టు మెల్లగా ఎట్లా వదలాలో నేర్పించి పంపింది. అడ్డం పడకుండా దారి చూపించిన మొదటి మనిషి ఆమె.

ఇంటి దగ్గర అసలు యుద్ధం జరిగింది. చారు వద్దంటే మా ఆవిడ మొహం మాడిపోయింది. "నేనేమన్నా విషం కలిపి పోసినానా ఇన్నేళ్లూ?" అంది. పొయ్యి వైపు తిరిగి ఒక పూటంతా అట్లాగే కూర్చుంది. నేను కూడా బుజ్జగించలేదు, నాకు మాత్రం చారు ఇష్టం లేకనా? సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చారెడు సంగటి, పులుపు లేని పప్పు పెట్టి నా ముందు గిన్నె టక్కుమని దించింది. అంత చప్పిడి తిండి నేను జ్వరంలో కూడా తినలేదు. తిట్టుకుంటూ తిన్నాను. తిన్నాక పడుకోకూడదు కాబట్టి వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా నడిచేవాణ్ణి. మంచం తల కోళ్ల కింద ఇటుకలు పెట్టింది కూడా మా ఆవిడే. కోపంగానే పెట్టింది, కానీ మంచం ఊగకుండా ఇటుకలు సరిచూసి పెట్టింది. మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ మంచం చూసి, "ఇదేందిబ్బా, జారిపోవా?" అని నవ్వేవాళ్లు. "జారితే నీ మీద పడతాలే" అనేవాణ్ణి.

చలికాలం గడిచేసరికి తేడా తెలిసింది. తెల్లారి గొంతు బొంగురు లేదు. నోట్లో పులుపు లేదు. రాత్రి లేచి కూర్చోవడం తగ్గింది. దుమ్ము పడితే వచ్చే దగ్గు మాత్రం అట్లాగే ఉంది, మెట్లెక్కితే ఆయాసమూ అట్లాగే ఉంది. ఏది ఊపిరితిత్తుల దగ్గో, ఏది పులుపు దగ్గో ఇప్పుడు నాకు తెలుసు. ఇన్నాళ్లూ రెండు జబ్బుల నేరం ఒకదాని మీదే మోపాం. నా ఊపిరితిత్తులు చేయని తప్పుకు కూడా నన్ను బల్ల దింపారని అర్థమయ్యేసరికి ఇంక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

బేనీషా, అంటే బంగినపల్లి కాయ మొదలైంది. మా మండీలో ఒక ఆచారం ఉంది. సీజన్‌లో మొదటి కుప్పకు టెంకాయ కొట్టేది ఆ కుప్ప రైతే. ఆ ఒక్క కుప్ప ఎవరు పాడాలో చెప్పే హక్కు కూడా ఆ రైతుదే, సావుకారు అడ్డం చెప్పడు. తర్వాతి కుప్పలన్నీ సావుకారు ఇష్టం. మొదటి కాయ ఐరాల వైపు నుంచి వస్తోందని తెలుసుకుని, పిలవకపోయినా పొద్దున్నే మండీకి పోయాను. ఆ రైతు ట్రాక్టరు దిగుతూ ఉంటే ఎదురెళ్లి, "నీ కుప్ప నేను పాడతా అప్పా" అన్నాను.

ఆయన నా ఛాతీ వైపు చూశాడు. "పోయిన్సారి దగ్గి పడిపోయినావు గదన్నా. ఏడాది కష్టం ఇదంతా. మధ్యలో ఆగిపోతే రేటు సచ్చిపోతాది" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. నేనైనా అదే అంటాను.

"నేను దగ్గితే నువ్వే నన్ను బల్ల దింపు. నోరెత్తను" అన్నాను.

ఆయన చాలాసేపు కాయల వైపే చూశాడు. "మా నాయన కాయ కూడా నువ్వే పాడినావు" అని, టెంకాయ కొట్టి, సావుకారు వైపు తిరిగి నన్ను చూపించాడు. సావుకారు మొహం చూడాలి ఆ పూట. అల్లుడు అప్పటికే నడుముకు కొత్త తువ్వాలు బిగించి బల్ల మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. దిగక తప్పలేదు.

నేను బల్లెక్కి, భుజం మీది తువ్వాలు తీసి, నడుముకు కట్టకుండా బల్ల మీద మడిచి పెట్టాను. "ఏమన్నా, కట్టలేదే?" అని ఎవరో అరిచారు. చొక్కా లేకుండా నిలబడ్డట్టే ఉంది, నిజం చెప్పొద్దూ. పాట ఎత్తుకున్నాను. గొంతు పలికింది, కానీ పాత గొంతు కాదు. చిన్నగా ఉంది. వెనక ఉన్నవాళ్లు "గట్టిగా పాడప్పా" అన్నారు. పాతవాణ్ణయితే పౌరుషానికి పోయి అరిచేవాణ్ణి. "దగ్గరికి రాండప్పా, ఈడేమన్నా పులి ఉండాదా?" అన్నాను. గొణుక్కుంటూ దగ్గరికి జరిగారు. రేటు ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి ఒక చోట ఆగింది. వేలూరు వ్యాపారిది చివరి మాట.

"ఒకటోసారి. రెండోసారి."

అక్కడ ఊపిరి అయిపోయింది. మూడో మాట రాలేదు. జీవితంలో మొదటిసారి నా పాటలో సందు పడింది. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. రైతు మొహంలో భయం. సావుకారు అల్లుడు ఒక అడుగు ముందుకేశాడు. నేను భయపడలేదని రాస్తే అబద్ధం. కానీ గొంతులో మంట లేదు, పులుపు లేదు, దగ్గు లేదు. ఉన్నది ఒట్టి ఆయాసం. అది నా పాత చుట్టం. పెదాలు సున్నా చుట్టి, దీపం ఆరకుండా ఊదినట్టు మెల్లగా ఊపిరి వదిలాను. మెల్లగా తీసుకున్నాను.

ఆ సందులో చిత్తూరు వ్యాపారి ఒకడు కాయల వైపు ఇంకోసారి చూశాడు. చెయ్యెత్తాడు. రేటు పెరిగింది.

నేను మళ్లీ మొదలుపెట్టాను. ఒకటోసారి. రెండోసారి. మళ్లీ ఊపిరి. ఈసారి వేలూరు వ్యాపారి ఉండబట్టలేక పెంచాడు. అప్పుడు నాకు అర్థమైంది. ముప్ఫై ఏళ్లుగా నేనూ, నాకంటే ముందు మా మేనమామా, ఆ మూడు మాటలూ ఒకే ఊపిరిలో అనేసి కొనేవాడికి ఆలోచించుకునే సందు లేకుండా చేశాం. మా ఘనత కోసం రైతు కాయను తొందరగా అమ్మేశాం. ఇప్పుడు నాకు ఊపిరి చాలక ఆగితే, వాళ్లకు ఆశ పుట్టడానికి వ్యవధి దొరుకుతోంది. ఇంకా రెండుసార్లు పెరిగాక, "మూడోసారి" అని చెయ్యి చరిచాను. ఐరాల రైతు కుప్ప దగ్గర నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. చెమట అనుకున్నాను, చెమట కాదు.

తర్వాతి కుప్పలు అల్లుడివి కావాలి. కానీ రెండో కుప్ప రైతు "ఆయప్పే పాడనీ" అన్నాడు. మూడో కుప్పవాడూ అదే అన్నాడు. రేటు పెరిగితే తన కమీషనూ పెరుగుతుంది కాబట్టి సావుకారు కాదనలేదు. వ్యాపారులు మాత్రం సావుకారు దగ్గరికి పోయి పేచీ పెట్టుకున్నారు. "ఆయన ఊపిరి పీల్చుకునే లోపల మా కొంపలు మునుగుతాండాయి" అన్నారు. మధ్యాహ్నం సావుకారు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆ ఆపడం యాడ నేర్చుకున్నావప్పా?" అన్నాడు.

"మీరంతా అయిపోయినాయన్నారు చూడు, ఆ ఊపిరితిత్తుల దగ్గర" అన్నాను.

ఆయన లేచి పోయి, నా చేతికి తానే మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చాడు. పుల్లగా ఉందేమోనని వాసన చూసి, లేదని తేల్చుకుని తాగాను.

ఈ సీజనంతా పాడాను. రోజూ అన్ని కుప్పలూ పాడలేను. ఎండ ముదిరాక దిగిపోతాను. దుమ్ము ఎక్కువ ఉన్న రోజు అసలు పోను. మిగతా కుప్పలు అల్లుడు పాడతాడు. వాడు కూడా నన్ను చూసి "రెండోసారి" తర్వాత ఆగడం మొదలుపెట్టాడు. వాడి ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయి, ఎందుకు ఆగుతున్నాడో వ్యాపారులకు తెలుసు. ఒక్కడూ చెయ్యెత్తడు. వాడి మొహం చూస్తే నాకు లోపల ఎంత సంతోషంగా ఉంటుందో దాచుకోను.

మొన్న పాట ముగిశాక వాడు ఒక మూల నిలబడి ఛాతీ మధ్యలో అరచేత్తో రాసుకుంటున్నాడు. గొంతు సవరించుకుంటున్నాడు, మళ్లీ సవరించుకుంటున్నాడు. ఆ చెయ్యి అట్లా రాసుకోవడం నేను మా మేనమామ దగ్గర చూశాను, నా దగ్గర చూసుకున్నాను. దగ్గరికి పోయి, "తిన్నాక ఎక్కువా, తినకముందు ఎక్కువా?" అని అడిగాను.

వాడు తెల్లబోయి చూశాడు. "తిన్నాక, మామా. రాత్రి పండుకుంటే ఇంకా ఎక్కువ. గ్యాసులే, ఏం లేదు" అన్నాడు.

వాడి నడుము ముడి ఎంత బిగువుగా ఉందంటే, నా గోళ్లు నొప్పెట్టాయి. రెండు చేతులా పట్టి లాగి విప్పేశాను. తువ్వాలు వదులు కాగానే వాడు కడుపు నిండా గాలి పీల్చుకున్నాడు. అంత పెద్ద ఊపిరి నేను తీసుకుని ఎన్నేళ్లయిందో.

"రేపు తిరపతికి పోయి ఆ డాక్టరమ్మకు అంతా చెప్పు, మంట కూడా చెప్పు" అన్నాను. "ఇంక బల్ల సంగతి మాత్రం నన్ను అడగొద్దు. అది నేను ఇయ్యను."

తువ్వాలు మడిచి వాడి భుజం మీద వేసి, నా బల్ల నేనే ఎత్తుకుని, మధ్యలో రెండు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకుంటూ, లోపలికి తీసుకుపోయి పెట్టుకున్నాను.